అలారం పెడితే స్విచ్ స్లో అవుతుందా?

2016 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైన తొలి 21 మార్కెట్లలో నిజామాబాద్ యార్డు ఒకటి. అప్పటి నుంచి పసుపు ధర తేల్చడంలో నెట్‌కూ పాత్ర ఉంది. ఖలీల్‌వాడి ఆసుపత్రికైనా, బోధన్ కేబుల్ ఆపరేటర్‌కైనా లింకు పడిపోతే పని ఆగినట్టే. అయినా లింకు పోయిన సంగతి కస్టమర్ ఫోన్ చేసి తిట్టాకే తెలుస్తోందంటే, దానికి ప్రధాన కారణం ఒక పుకారు: "ఆర్‌మాన్ అలారాలు పెడితే స్విచ్ స్లో అవుతుంది, తీసేయ్ అన్నా."

అవదు. ఆర్‌మాన్ (RMON, రిమోట్ మానిటరింగ్) అంటే స్విచ్ తన పోర్టుల లెక్కలను తానే గమనించుకునే పద్ధతి. ఏ పోర్టులో ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని ప్యాకెట్లు పాడయ్యాయి అన్న లెక్క స్విచ్‌లోని చిప్ ఎలాగూ రాసుకుంటుంది. మీరు అలారం పెట్టినా అంతే, పెట్టకపోయినా అంతే. అలారం చేసేదల్లా మీరు చెప్పిన వ్యవధికోసారి ఆ లెక్క చదివి, మీరిచ్చిన హద్దు దాటిందో లేదో చూడటం. నిమిషానికోసారి ఒక అంకె చదివితే గిగాబిట్ స్విచ్ కుదేలవుతుందా? ప్యాకెట్లు వెళ్లే దారిలోకి అలారం అడుగే పెట్టదు.

పుకారుకు కొంత ఆధారం ఉందని మాత్రం ఒప్పుకోవాలి. 1991 నాటి ఆర్‌మాన్ ప్రమాణంలో తొమ్మిది విభాగాలున్నాయి. వాటిలో ప్యాకెట్ క్యాప్చర్ లాంటివి నిజంగానే మెమరీ తింటాయి. అందుకే మామూలు స్విచ్‌లలో సాధారణంగా నాలుగే ఇస్తారు: స్టాటిస్టిక్స్, హిస్టరీ, అలారం, ఈవెంట్. పాత స్విచ్‌లో వందల అలారాలు పెట్టి, ప్రతిదాన్నీ సెకనుకోసారి చదవమంటే సీపీయూ మీద భారం పడుతుంది. కానీ అలా పెట్టాల్సిన అవసరం ఎవరికుంది?

"ఒక్కసారి మోగి ఊరుకుంది, చెడిపోయింది" అనేది ఇంకో మాట. చెడిపోలేదు, సెట్టింగే తప్పు. పాడైన ప్యాకెట్ల కౌంటర్ పెరగడమే తప్ప తగ్గదు. దానికి 'అబ్సల్యూట్' పెడితే హద్దు ఒకసారి దాటాక మళ్లీ కిందికి రాదు, అలారమూ మళ్లీ మోగదు. 'డెల్టా' పెట్టండి. అప్పుడు గడిచిన నిమిషంలో ఎన్ని పెరిగాయో మాత్రమే చూస్తుంది. పై హద్దు 50, కింది హద్దు 5 అనుకుందాం. 50 తాకితే మోగుతుంది, 5కి దిగాకే మళ్లీ మోగడానికి సిద్ధమవుతుంది. రెండు హద్దులూ పక్కపక్కనే పెడితే రోజంతా మోత తప్పదు.

పోర్టు మీద పచ్చలైటు వెలిగితే అంతా బాగున్నట్టు కాదు, లింకు ఉన్నట్టు మాత్రమే. అన్‌మేనేజ్డ్ స్విచ్‌లో ఆర్‌మాన్ సదుపాయమే ఉండదు, వెతకొద్దు.

అలారం మోగితే ఏం చేయాలో చెప్పే ఈవెంట్‌లో 'లాగ్' ఒక్కటే పెడితే, మెమరీలో ఉన్న ఆ లాగ్ కరెంటు పోగానే చెరిగిపోవచ్చు. మానిటరింగ్ సర్వర్‌కు సందేశం పంపే 'ట్రాప్' కూడా పెట్టండి. అప్‌లింకే పడిపోతే ట్రాప్ బయటికి రాలేదు కాబట్టి, అవతలి వైపు నుంచి పింగ్ కూడా నడుస్తుండాలి. ట్రాప్ పంపే ఎస్‌ఎన్‌ఎంపీలో పాస్‌వర్డులా పనిచేసే కమ్యూనిటీ పేరు 'పబ్లిక్' అనే ఉంటే ఇవాళే మార్చండి.

ముందు అప్‌లింక్ పోర్టుకు అలారం పెట్టండి. పై హద్దును కాసేపు బాగా తగ్గించి, సందేశం మీ ఫోన్‌కు వచ్చిందో లేదో చూడండి. రాలేదంటే ఆ అలారం లేనట్టే లెక్క.