కిటికీలోకి తెలుగు వచ్చిన వైనం

అమెరికాలో మైక్రోసాఫ్టు కంపెనీవారు ‘విండోస్’ వస్తోందని 1983 నవంబరులో చాటింపు వేశారు. సరుకు బజారుకెక్కేసరికి 1985 నవంబరు 20 అయింది. ముహూర్తం పెట్టుకుని పెళ్ళి వాయిదా వేస్తూ పోయినట్టు! మొదట దానికి ‘ఇంటర్‌ఫేస్ మేనేజర్’ అని పేరు పెట్టాలనుకున్నారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకు పేర్ల పట్టింపు హెచ్చు. ఆ పేరు తప్పినందుకు సంతోషం.

వెల 99 డాలర్లు. దానికి కావలసిన మెమొరీ 256 కిలోబైట్లు. ఈనాడు సెల్‌ఫోనుతో తీసే ఒక్క ఫొటోకి ఆ చోటు చాలదు. ప్రోగ్రాముల కిటికీలు గచ్చురాళ్ళలా పక్కపక్కనే ఉండాలి గాని, ఒకదానిమీదికి ఒకటి రాకూడదు. ఆ ముచ్చట 1987లో రెండో విండోస్‌తో తీరింది.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం అక్షరాల సంగతి. అంతకు ముందరి నల్లతెర మీద వరుసకు 80 గళ్ళ చొప్పున 25 వరుసలు. గడికొక అక్షరం. ఇంగ్లీషు ‘ఐ’ కైనా ‘డబ్ల్యు’ కైనా అదే గడి. మరి మన ‘స్త్రీ’ మాటేమిటి? సకారం, దానికి తావత్తు, రావత్తు, పైన గుడిదీర్ఘం. ఇంత సంసారం ఆ గదిలో ఎలా ఇముడుతుంది చెప్పండి! విండోస్‌లో తెరంతా చుక్కల ముగ్గు. అక్షరం కూడా బొమ్మే. చుక్కలు పెట్టడం వస్తే ఏ లిపి అయినా గీయవచ్చునన్నమాట.

గీయడమైతే గీశారు. 1990ల్లో తెలుగు ఫాంట్లు చాలానే వచ్చాయి. అయితే ఎవరి ఫాంటుకు వారి సంకేతాలు. ఒకచోట టైపు చేసినది, ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలు. నేను ఎం.ఏ. చదివే రోజుల్లో డి.టి.పి. చేయించిన వ్యాసం ఒకటి ఫ్లాపీలో ఉండిపోయింది. కాగితం ప్రతి దాచుకున్నాను గనుక సరిపోయింది, లేకపోతే నా వ్యాసం నాకే చదవరాదు. అలా కాగితం దాచుకోనివారి రాతలు ఎన్ని పోయాయో!

2000లో వచ్చిన విండోస్ హిందీనీ తమిళాన్నీ ఆదరించింది. మన వంతు 2001లో, ‘ఎక్స్‌పీ’తో వచ్చింది. అందులో ‘గౌతమి’ అనే తెలుగు ఫాంటు ఉంది. అందరికీ ఒకే సంకేతాలు. వత్తు ఎక్కడ కూర్చోవాలో యంత్రమే చూసుకుంటుంది. మొదటి విండోస్ పుట్టిన పదహారేళ్ళకు! చిత్రమేమిటంటే, ఆ 2001 డిసెంబరు 31నే ఆ మొదటి విండోస్ బాగోగులు చూడడం కంపెనీవారు మానుకున్నారు.