ఖాళీలు నింపే వ్యాకరణం, చిక్కుముడి విప్పే వ్యాకరణం

ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాల్లో తరచూ కనిపించే ఒక అభ్యాసం చూద్దాం. 'హి ... టు స్కూల్ ఎవ్రీ డే' అని వాక్యం ఉంటుంది. ఖాళీలో 'గో' అనే క్రియకు సరైన రూపం రాయాలి. ముందు 'హి' ఉంది, చివర 'ఎవ్రీ డే' ఉంది. కాబట్టి 'గోస్' అని విద్యార్థి క్షణంలో రాసేస్తాడు. మార్కు కూడా పడుతుంది.

ఇప్పుడు అదే వాక్యాన్ని అర్థం లేని మాటలతో రాద్దాం. 'హి ... టు బ్లిక్ ఎవ్రీ డే'. ఖాళీలో పెట్టవలసిన క్రియ 'మార్ప్'. బ్లిక్ అంటే ఏమిటో, మార్ప్ అంటే ఏం చేయడమో ఎవరికీ తెలియదు. ఇంగ్లీషులో ఆ మాటలే లేవు. అయినా జవాబు 'మార్ప్స్' అని ఎవరైనా చెప్పగలరు. అంటే ఈ అభ్యాసం పూర్తి చేయడానికి వాక్యానికి అర్థం ఏమిటో తెలియనక్కరలేదు. ముందు ఏముంది, వెనక ఏముంది అన్నది చూసుకుంటే చాలు.

ఏళ్ల తరబడి ఇంగ్లీషు వ్యాకరణం చదివి, పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నవారు కూడా ఇంటర్వ్యూలో నాలుగు వాక్యాలు చెప్పాల్సి వచ్చేసరికి తడబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. వారికి రూపం వచ్చు. ఆ రూపం ఏ పని చేస్తుందో అనుభవంలోకి రాలేదు. ఈ లోటు తీర్చడానికి భాషా బోధకులు వాడే సాధనాల్లో తర్కపు పజిళ్లు ఒకటి. అయితే ప్రతి పజిలూ పనికిరాదు. ఏది పనికొస్తుందో తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటి ఉంది.

లడ్డూలు తిన్నదెవరు?

ముందుగా ఒక చిన్న పజిల్. ఇంట్లో ఉండేది లత, రవి, సలీం ముగ్గురే. బయటివారెవరూ రాలేదు. బయటకు వెళ్లిన రవి తిరిగి రాలేదు. ఆధారాలు మూడు:

ఒకటి, 'వెన్ రవి లెఫ్ట్ హోమ్, ద లడ్డూస్ వర్ ఆన్ ద టేబుల్.'
రెండు, 'వెన్ లత కేమ్ హోమ్, రవి హ్యాడ్ లెఫ్ట్.'
మూడు, 'వెన్ సలీం కేమ్ హోమ్, లత వాజ్ స్లీపింగ్ అండ్ సమ్‌వన్ హ్యాడ్ ఈటెన్ ద లడ్డూస్.'

రవి వెళ్లేటప్పటికి లడ్డూలు బల్ల మీదే ఉన్నాయి, అతను మళ్లీ రాలేదు. కాబట్టి రవి కాదు. సలీం వచ్చేసరికే లడ్డూలు అయిపోయాయి. కాబట్టి సలీం కూడా కాదు. మిగిలింది లత. తినేసి, హాయిగా నిద్రపోయింది.

ఇప్పుడు మూడో ఆధారంలో 'హ్యాడ్ ఈటెన్' తీసేసి 'ఏట్' అని పెట్టండి. సలీం వచ్చాక ఎవరో లడ్డూలు తిన్నారు అనే అర్థం వస్తుంది. ఆ సమయంలో లత నిద్రలో ఉంది. దొంగ సలీం! క్రియారూపం ఒక్కటి మారేసరికి నేరం ఒకరి మీద నుంచి మరొకరి మీదకు వెళ్లింది.

'పాస్ట్ పర్ఫెక్ట్ టెన్స్: గతంలో జరిగిన రెండు పనుల్లో ముందు జరిగినదానికి వాడతారు' అనే సూత్రాన్ని విద్యార్థి ఎన్నోసార్లు వల్లె వేసి ఉంటాడు. ఈ పజిల్‌లో ఆ సూత్రానికి పని దొరికింది. 'హ్యాడ్'ను పట్టించుకోకపోతే అమాయకుడికి శిక్ష పడుతుంది.

తెలుగు మాట్లాడేవారికి ఇక్కడ ఇంకో మేలు ఉంది. ఇదే తేడాను మనం తెలుగులో రోజూ పలుకుతూనే ఉంటాం. 'సలీం వచ్చేసరికి లడ్డూలు తినేశారు' అన్నా, 'సలీం వచ్చాక లడ్డూలు తిన్నారు' అన్నా ఏది ముందో ఏది తర్వాతో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. తెలుగులో ఆ బరువును ఎక్కువగా 'వచ్చేసరికి', 'వచ్చాక' అనే మాటలు మోస్తాయి. ఇంగ్లీషులో 'వెన్' మారకుండా అలాగే ఉండి, బరువంతా 'హ్యాడ్' మీద పడుతుంది. విద్యార్థికి కొత్తగా నేర్పవలసింది అర్థాన్ని కాదు. ఆ అర్థం ఇంగ్లీషులో ఎక్కడ దాగి ఉంటుందన్నది చూపిస్తే చాలు.

బెంగళూరులో జరిగిన ప్రయోగం

తర్కంతో భాష నేర్పవచ్చన్న ఆలోచనకు దక్షిణ భారతదేశంలోనే ఒక ముఖ్యమైన అధ్యాయం ఉంది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు ఆధ్వర్యంలో బెంగళూరు, మద్రాసు తదితర చోట్ల కొన్ని పాఠశాలల్లో ఒక ప్రయోగం జరిగింది. భాషాబోధన చరిత్రలో దీన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటారు. వ్యాకరణ పాఠాల క్రమాన్ని పక్కన పెట్టి, పిల్లలకు ఇంగ్లీషులో సమస్యలు ఇచ్చారు. రైళ్ల సమయాల పట్టిక చూసి ప్రయాణం కుదర్చడం, పటం చూసి దారి చెప్పడం వంటివి. ముందు ఉపాధ్యాయుడు అలాంటి సమస్య ఒకటి తరగతితో కలిసి సాధించేవాడు. తర్వాత పిల్లలు ఎవరికి వారు ఇంకొకటి చేసేవారు.

ప్రభు ఈ పనులను మూడు రకాలుగా విభజించారు. ఒకరికి తెలిసినది మరొకరికి చెప్పడం మొదటిది. ఉన్న సమాచారం నుంచి లేనిదాన్ని తర్కించి రాబట్టడం రెండోది. సొంత అభిప్రాయం చెప్పడం మూడోది. రెండోదానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇది: తరగతుల టైమ్‌టేబుళ్లు చేతికిచ్చి, వాటి నుంచి ఒక ఉపాధ్యాయుడి టైమ్‌టేబుల్ తయారు చేయమనడం. ఇలాంటి తర్కపు పనులే తరగతి గదిలో బాగా సాగుతాయని ఆయన భావించారు. వాటిలో జవాబు తప్పో ఒప్పో స్పష్టంగా తేలుతుంది. అక్కడికి చేరే దారి మాత్రం విద్యార్థిదే. తరగతిలో కనీసం సగం మంది, పనిలో కనీసం సగాన్ని సరిగా చేయగలిగితే ఆ పని కష్టం తగు పాళ్లలో ఉన్నట్టు లెక్క.

ఈ ప్రాజెక్టును మదింపు చేసి అలాన్ బెరెట్టా, అలాన్ డేవీస్ 1985లో ఫలితాలు ప్రకటించారు. మామూలు తరగతుల పిల్లలు వ్యాకరణ రూపాల పరీక్షలో, ప్రాజెక్టు పిల్లలు సమస్యలు సాధించే పరీక్షలో మెరుగ్గా కనిపించారు. ఎవరు దేనిలో శిక్షణ పొందితే దానిలో రాణించారన్నమాట. ఏ పద్ధతికీ చెందని పరీక్షల్లో మొగ్గు ప్రాజెక్టు వైపు ఉంది. అయితే పోల్చిన తీరు మీద, ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చన్న దాని మీద తర్వాత చర్చ జరిగింది.

అనివార్యమా, కాదా?

బెంగళూరు పద్ధతిపై వచ్చిన ప్రశ్నల్లో ఒకటి మనకు ముఖ్యం. సమస్య సాధించడంలో మునిగిన విద్యార్థి వ్యాకరణాన్ని దాటేసి, నాలుగు ముఖ్యమైన మాటలు పట్టుకుని జవాబు చెప్పేయవచ్చు కదా?

ఇది నిజంగా జరుగుతుంది. 1962లో లైఫ్ ఇంటర్నేషనల్ పత్రికలో వచ్చిన 'జీబ్రా ఎవరిది?' అనే పజిల్ చాలామందికి తెలుసు. ఐదు రంగుల ఇళ్లు, ఐదు దేశాలవారు, ఐదు పెంపుడు జంతువులు. 'ఇంగ్లీషువాడు ఎర్ర ఇంట్లో ఉంటాడు' అన్న ఆధారం నుంచి కావలసినవి 'ఇంగ్లీషువాడు', 'ఎరుపు' అనే రెండు మాటలే. క్రియ ఏ కాలంలో ఉన్నా, 'ద' ఉన్నా లేకపోయినా గడిలో వేసే గుర్తు అదే. కాబట్టి క్రియారూపాలు నేర్పడానికి ఆ పజిల్ పనికిరాదు. అందులోనే 'ఆకుపచ్చ ఇల్లు దంతపు రంగు ఇంటికి వెంటనే కుడివైపున ఉంది' అన్న ఆధారం ఉంది. దాని ఇంగ్లీషు వాక్యంలో కుడి, ఎడమ, పక్కన అని చెప్పే మాటలు తారుమారైతే జవాబు రాదు. అంటే స్థానాన్ని చెప్పే మాటలు నేర్పడానికి అదే పజిల్ బాగా పనికొస్తుంది.

ఈ తేడాకు 1993లో లెస్టర్ లష్కీ, రాబర్ట్ బ్లే-వ్రోమన్ ఒక చట్రం ఇచ్చారు. ఒక పనిలో ఒక వ్యాకరణాంశం సహజంగా రావచ్చు. ఉపయోగపడవచ్చు. లేదా అది లేకుండా పని పూర్తి కాకపోవచ్చు. ఈ మూడో స్థాయి అనివార్యత. విద్యార్థి దృష్టి కచ్చితంగా ఆ అంశం మీద పడేది అప్పుడే.

మొదట్లో చెప్పిన తేలికైన పరీక్ష దీని నుంచే వస్తుంది. నేర్పదలచిన మాటను పజిల్‌లో నుంచి తీసేయండి, లేదా మార్చండి. జవాబు మారితే అది వ్యాకరణ పజిల్. మారకపోతే అది సరదా పజిల్ మాత్రమే. లడ్డూల పజిల్ ఈ పరీక్షలో నెగ్గుతుంది.

అర్థం మీద దృష్టి పడటం ఎందుకు మేలు చేస్తుందో జ్ఞాపకశక్తిపై జరిగిన పరిశోధనలు కొంత చెబుతాయి. 1975లో ఫెర్గస్ క్రెయిక్, ఎండెల్ టల్వింగ్ ప్రచురించిన ప్రయోగాల్లో కొన్ని మాటల గురించి 'ఇది పెద్ద అక్షరాల్లో ఉందా?' అని, మరికొన్నిటి గురించి 'ఈ వాక్యంలో ఇది ఇముడుతుందా?' అని అడిగారు. అక్షరాల ఆకారం చూసిన మాటలకన్నా, అర్థం ఆలోచించిన మాటలే ఎక్కువగా గుర్తున్నాయి. ఆ ప్రయోగం మాటల మీద జరిగినదే తప్ప వ్యాకరణం మీద కాదు. అయినా ఆకారం చూసి నింపే ఖాళీకీ, అర్థం చూసి విప్పే ముడికీ మధ్య తేడాను అది గుర్తుచేస్తుంది.

ఒక్క 'నే'లో ఉన్న తర్కం

తెలుగువారికి నప్పే మరో పజిల్ 'ఇఫ్', 'ఓన్లీ ఇఫ్'ల మధ్య తేడా. 'రవి కమ్స్ ఇఫ్ లత కమ్స్' అంటే లత వస్తే రవి వస్తాడు. 'రవి కమ్స్ ఓన్లీ ఇఫ్ లత కమ్స్' అంటే లత వస్తేనే రవి వస్తాడు. ఇప్పుడు రవి వచ్చాడు. లత వచ్చిందా? మొదటి వాక్యం ప్రకారం చెప్పలేం. రవి వేరే కారణంతో వచ్చి ఉండవచ్చు. రెండో వాక్యం ప్రకారం తప్పకుండా వచ్చింది. ఇంగ్లీషులో 'ఓన్లీ' చేసే పనిని తెలుగులో 'నే' అనే ఒక్క అక్షరం చేస్తుంది. విద్యార్థి ఈ తర్కాన్ని మాతృభాషలో ఎప్పుడో నేర్చుకున్నాడు.

మూడో రకం పజిల్‌లో వ్యాకరణం ఆధారాల్లో కాక, విద్యార్థి నోట్లో ఉంటుంది. లత, రవి, సలీం దగ్గర తలా ఒక పండు ఉంది. ఉన్నవి మామిడి, జామ, అరటి. లత దగ్గర మామిడి లేదని మొదటి ఆధారం. అప్పుడు విద్యార్థి 'ఇట్ కాంట్ బి ఎ మ్యాంగో, ఇట్ మైట్ బి ఎ గ్వావా' అనాలి. రవి దగ్గర జామ ఉందని రెండో ఆధారం రాగానే 'ఇట్ మస్ట్ బి ఎ బనానా' అనాలి. కాదు, కావచ్చు, అయి తీరాలి అనే మూడు మెట్లూ తర్కంలోని మెట్లే. ఇక్కడే ఒక సాధారణ పొరపాటు కూడా దొరుకుతుంది. 'మస్ట్'కు వ్యతిరేకం 'మస్ట్ నాట్' అనుకుని చాలామంది అదే వాడతారు. అది సాధారణంగా 'అలా చేయకూడదు' అనే నిషేధాన్ని చెబుతుంది. 'అది అయ్యే అవకాశం లేదు' అనడానికి 'కాంట్' కావాలి.

కష్టం ఎక్కడ ఉండాలి?

పజిల్‌లో తర్కం మరీ జటిలమైతే వ్యాకరణానికి మనసులో చోటు మిగలదు. పీటర్ వేసన్ 1966లో పరిచయం చేసిన కార్డుల సమస్య ఇందుకు నిదర్శనం. బల్ల మీద ఎ, కె, 4, 7 అని కనిపించే నాలుగు కార్డులున్నాయి. ప్రతి కార్డుకు ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె ఉంటుంది. 'ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది' అన్న నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? ఎ, 7 అన్నది సరైన జవాబు. పెద్ద చదువులు చదివినవారిలో కూడా సాధారణంగా పది శాతం లోపు మందే అది చెప్పగలిగారు. 1982లో రిచర్డ్ గ్రిగ్స్, జేమ్స్ కాక్స్ అదే తర్కాన్ని 'బీరు తాగుతున్నవారి వయసు 19 దాటి ఉండాలి' అనే నియమంగా మార్చి అడిగారు. అప్పుడు దాదాపు మూడు వంతుల మంది సరిగా చెప్పారు. తర్కం మారలేదు, సందర్భం పరిచితమైంది. అందుకే భాష కోసం తయారు చేసే పజిల్‌లో మనుషులు, చోట్లు, వస్తువులు విద్యార్థికి తెలిసినవై ఉండాలి. కష్టం ఉండవలసింది నేర్పదలచిన ఆ ఒక్క మాట దగ్గరే.

ఇంకో చిక్కు కూడా ఉంది. చురుకైన విద్యార్థి ఒకరు జవాబు చెప్పేస్తే మిగతావారు చూస్తూ కూర్చుంటారు. దీనికి భాషా తరగతుల్లో పాతదే ఒక ఉపాయం ఉంది. ఆధారాలను వేర్వేరు చీటీల మీద రాసి, ఒక్కొక్కరికి ఒక్కటే ఇవ్వాలి. చీటీ చూపించకూడదు, చదివి చెప్పవచ్చు. అప్పుడు 'హ్యాడ్' మింగేసి పలికినవారి వల్ల జట్టంతా తప్పు దొంగను పట్టుకుంటుంది. ఎక్కడ పొరపాటు జరిగిందో ఉపాధ్యాయుడు చెప్పేలోపే జట్టులోని పిల్లలు వెతుక్కుంటారు. మార్కులు జవాబుకు కాక, ఆ జవాబు ఎలా వచ్చిందో చెప్పే వాక్యాలకు ఇస్తే ఇంకా మంచిది.

పజిళ్లు పాఠాన్ని, చదవడాన్ని, వినడాన్ని భర్తీ చేయలేవు. ఒక పజిల్ ఒకటి రెండు వ్యాకరణాంశాలనే పట్టుకోగలదు. కొత్త రూపాన్ని మొదటిసారి వివరించడానికి సూటిగా చెప్పడమే తక్కువ సమయం తీసుకుంటుంది. పజిల్ అవసరం ఆ తర్వాత వస్తుంది. దానికి కొత్త పుస్తకం కూడా అక్కరలేదు. చేతిలో ఉన్న అభ్యాసంలోంచి ఒక వాక్యం తీసుకుని, ఇందులోని ఈ మాట మారితే లోకంలో ఏం మారుతుంది అని అడగండి. బస్సు తప్పిపోతుందా? లడ్డూలు తిన్నవారు మారిపోతారా? సలీం నిర్దోషి అవుతాడా? ఆ ప్రశ్నకు జవాబు దొరికిన చోట పజిల్ సగం తయారైనట్టే.