దద్దుర్ల వారికి వేసవి పానకములు

ఎండలు ముదిరిన కొలది మన ఇండ్లలో మొదట పిండబడునది నిమ్మకాయ. తెనాలి నిమ్మకాయల మార్కెట్టుకు పేరుపొందిన పట్టణము. దానికి చేరువనున్న మా చుండూరులోను, బాపట్ల, రేపల్లె ప్రాంతములలోను ఇంటికి వచ్చినవారికి నిమ్మరసమిచ్చుట మర్యాద. కాని ఒంటినిండ దద్దుర్లు లేచి, దురదతో నిద్ర లేక బాధపడువారిలో కొందరికి ఈ పులుపు సరిపడదు. పులుపు మానుమనగానే వారు పండ్లన్నిటిని మాని, నీరసించి, చివరకు సీసాలలోని రంగు పానీయములను ఆశ్రయించుచున్నారు. ఇది మంచి మార్గము కాదు.

శీతపిత్తము - హిస్టమిన్

మాధవ నిదానమున శీతపిత్తము, ఉదర్దము, కోఠము అని మూడు వ్యాధులు ఒకేచోట చెప్పబడినవి. చల్లగాలి తగులుటచే కఫవాతములు ప్రకోపించి, పిత్తముతో కూడి, కందిరీగ కుట్టినట్లు చర్మముపై దద్దుర్లు లేపునని అందలి వివరణము. చర్మమున ఆ వాపును, దురదను కలిగించు పదార్థములలో ముఖ్యమైనది హిస్టమిన్ అని ఆధునిక వైద్యము చెప్పుచున్నది. దాని ప్రభావమును 1910లో హెన్రీ డేల్, ప్యాట్రిక్ లైడ్లా అను శాస్త్రజ్ఞులు వివరించిరి.

హిస్టమిన్ శరీరములో పుట్టుటయే కాక ఆహారము ద్వారా కూడ వచ్చును. మాంసకృత్తులలోని హిస్టిడిన్‌ను సూక్ష్మజీవులు హిస్టమిన్‌గా మార్చును. అందుచేతనే బాగుగా పులిసిన మజ్జిగ, నిలువ పచ్చళ్లు, ఎండు చేపలు, కల్లు కొందరికి పడవు. ఒకసారి పుట్టిన హిస్టమిన్ మరిగించినను పోదు. ప్రేగులలో దీనిని విరిచివేయు డయమిన్ ఆక్సిడేజ్ అను ఎంజైము కొందరిలో తక్కువగా ఉండును. నారింజ జాతి పండ్లలోను, అరటిలోను ఉండు పుట్రెసిన్ అను పదార్థము కూడ ఆ ఎంజైమునే వాడుకొనును. కనుక హిస్టమిన్ స్వల్పముగా ఉన్న పండైనను కొందరిని బాధించుటకు ఇది ఒక కారణము కావచ్చును.

అయితే దద్దుర్లన్నియు ఆహారము వలననే రావు. పడని పదార్థములు కూడ మనిషి మనిషికి వేరు. అందుచేత రెండు, మూడు వారములు మాత్రము పథ్యముండి, గుణము కనబడినచో ఒక్కొక్క పదార్థమును విడివిడిగా తిరిగి తీసికొని పరీక్షించుకొనవలెను. గుణము లేనిచో పథ్యమును పొడిగించి శరీరమును కృశింపజేయరాదు.

పాటింపవలసిన నియమములు

1. రసము తీసిన వెంటనే త్రాగవలెను. ఉదయము తీసినది సాయంకాలమునకు నిలువ ఉంచరాదు.

2. మంచు ముక్కలు వేయరాదు. చల్లదనము తగిలినంతనే దద్దుర్లు లేచువారు కలరు. అట్టివారికి మంచునీరు త్రాగినచో గొంతు వాచు ప్రమాదము కూడ ఉన్నది. దాహశాంతికి కుండనీరు చాలును, అదియు పడనిచో గోరువెచ్చని నీరే మేలు.

3. పండ్ల రసములో పాలు కలుపరాదు. పుల్లని పండ్లను పాలతో కలిపి తీసికొనుట విరుద్ధాహారమని చరక సంహిత నిషేధించినది.

4. పథ్యకాలమున నిమ్మ, నారింజ, బత్తాయి, అనాస, బొప్పాయి, అరటి, టమాట మానవలెను. మిగులపండి మెత్తబడిన పండ్లను, మచ్చపడిన పండ్లను వాడరాదు.

నాలుగు పానకములు

దానిమ్మ పానకము: ఒక పండు గింజలను నలిపి వడగట్టి, అంతే కొలత కాచి చల్లార్చిన నీరు, చెంచాడు పటికబెల్లము, ఒక ఏలకి పొడి కలుపవలెను. నిమ్మకు అలవాటుపడిన నాలుకకు దీని పులితీపి రుచి ఊరట నిచ్చును. శ్రమను పోగొట్టు పది ద్రవ్యములలో చరకుడు దానిమ్మను చేర్చినాడు.

కర్బూజ పానకము: రెండు కప్పుల ముక్కలను మెత్తగా చిదిమి, అరగ్లాసు నీరు, చిటికెడు ఏలకుల పొడి వేసి త్రాగవలెను. పండు తీపిగా ఉన్నచో బెల్లము అవసరము లేదు. పుచ్చకాయనైనను ఇట్లే చేయవచ్చును.

మామిడి పానకము: పండును గంటసేపు నీటిలో నానవేసి, తొడిమ వద్ద కోసి సొన పోవునట్లు కడిగి, గుజ్జు తీయవలెను. ఒక వంతు గుజ్జునకు రెండు వంతుల నీరు చేర్చి పలుచగా త్రాగవలెను. చిక్కని రసము జీర్ణమగుట కష్టము.

ధనియాల హిమము: 10 గ్రా. ధనియాలను కచ్చాపచ్చాగా దంచి, 60 మి.లీ. కాచి చల్లార్చిన నీటిలో రాత్రి మూతపెట్టి నానవేసి, ఉదయము వడగట్టి పటికబెల్లముతో త్రాగవలెను. ఒకటికి ఆరు కొలత నీరు శార్ఙ్గధరుడు హిమమునకు చెప్పినది. మొదటి మూడింటిలో నీటికి బదులు అప్పుడే వడగట్టిన దీనిని కలుపుకొనిన దాహమునకు, లోపలి మంటకు మరింత మేలు.

కొత్త పానకమును మొదటి దినమున పావు గ్లాసు మాత్రమే త్రాగి, మరునాటి వరకు గమనింపవలెను. ఒకేరోజున రెండు కొత్త పండ్లు మొదలుపెట్టినచో ఏది పడలేదో తెలియదు.

జాగ్రత్తలు

మధుమేహము కలవారు పటికబెల్లము మానుటయే కాక, పండ్ల రసమును కూడ మితము చేయవలెను. వారికి రసముకంటె కొద్దిపాటి పండు ముక్కలు మేలు. మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడిగిన తరువాతనే ఈ పానకములను గాని, కొబ్బరినీటిని గాని తీసికొనవలెను. ఇదివరకే వాడుచున్న దద్దుర్ల మందులను పానకములను నమ్మి ఆపరాదు.

పెదవులు, నాలుక వాచినను, ఆయాసము, గొంతు బిగింపు, కండ్లు తిరుగుట కలిగినను ఇంటి వైద్యముతో కాలయాపన చేయక తక్షణము ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఆ సమయమున ఏ పానకమును నోట పోయరాదు.

గృహిణులు ఒక చిన్న పుస్తకమున తిన్నదియు, దద్దురు లేచిన వేళయు వ్రాసికొనుచుండవలెను. మూడు వారములలో ఏది హితమో, ఏది అహితమో చాలవరకు తేలును. అప్పుడు మానవలసినవి రెండో మూడో మాత్రమే మిగులవచ్చును. కడమ పండ్లను నిశ్చింతగా తినవచ్చును.