వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగు: ప్రత్యుత్పత్తి, పిండాభివృద్ధి

అనంతపురం జిల్లా గార్లదిన్నె వంటి మండలాలలోని ఎర్ర నేలల్లో వర్షాధారంగా సాగయ్యే వేరుశనగకు ఎర్ర గొంగళి పురుగు (అమ్సాక్టా ఆల్బిస్ట్రైగా) ప్రధాన శత్రువులలో ఒకటి. తొలి వానలకు విత్తిన పైరు లేత దశలో నాశనమైతే, తిరిగి విత్తుటకు పదును దొరకడం అరుదు. కనుక ఈ పురుగు సంతతి ఏ సమయంలో, ఏ విధంగా వృద్ధి చెందునో తెలిసికొనుట అవసరం.

ప్రత్యుత్పత్తి

ఈ పురుగు కోశస్థ దశలో గట్ల వెంబడి, చెట్ల నీడన 10–20 సెం.మీ. లోతున నెలల తరబడి నిద్రావస్థలో ఉంటుంది. మంచి వాన కురిసి నేల తడిసిన తరువాత రెక్కల పురుగులు పెద్ద సంఖ్యలో వెలువడతాయి. జతకూడిన ఆడ పురుగు శుక్రకణాలను శుక్రగ్రాహికలో నిల్వ చేసికొంటుంది. గుడ్డు బయటికి జారే సమయంలో, పెంకుపై గల సూక్ష్మరంధ్రం గుండా శుక్రకణం ప్రవేశించి ఫలదీకరణ జరుగుతుంది. ఒక్కొక్క ఆడ పురుగు ఆకుల అడుగుభాగాన గుంపులుగా 600–700 గుడ్లు పెడుతుంది.

పిండాభివృద్ధి

గుడ్డులో అధిక భాగం పచ్చసొనయే. ఫలదీకరణ తరువాత కేంద్రకం పలుమార్లు విభజన చెందుతుంది. అయితే తొలుత కణాలు విడివిడిగా ఏర్పడవు. కేంద్రకాలు సొన గుండా అంచులకు చేరిన పిదపనే కణాల పొర ఏర్పడుతుంది. ఆ పొరలో ఒక భాగం మందమై పిండపట్టీగా మారుతుంది. అది ఖండాలుగా ఏర్పడి తల, వక్షం, ఉదరం, కాళ్ళు రూపొందుతాయి. సొన పిండానికి ఆహారమవుతుంది. ఈ మార్పులన్నీ 2–3 రోజులలో ముగిసి, పిల్ల పురుగులు గుడ్ల నుండి వెలువడతాయి.

నివారణకు అనువైన సమయం

పిల్ల పురుగులు మొదట గుంపుగా ఆకుల పత్రహరితాన్ని గోకి తింటాయి. ఎదిగిన పురుగులు గట్లు దాటి చేను నుండి చేనుకు దండుగా సాగుతాయి. అప్పుడు వాటిని అదుపు చేయుట కష్టం. కావున వాన పడిన తరువాతి కొద్ది రోజులే కీలకం. ఆ రాత్రులలో దీపపు ఎరలు లేదా మంటలు ఏర్పాటు చేసి రెక్కల పురుగులను ఆకర్షించి నశింపజేయాలి. గుడ్ల సముదాయాలు, పిల్ల పురుగుల గుంపులు గల ఆకులను ఏరి నాశనం చేయాలి. వేసవిలో లోతు దుక్కి చేసినచో కోశాలు బయటపడి ఎండకు, పక్షులకు బలియవుతాయి. ఒక్క రైతు పాటించినంత మాత్రాన ప్రయోజనం స్వల్పం. గ్రామంలోని రైతులందరూ ఏకకాలంలో పాటించినప్పుడే ఫలితం సంపూర్ణం.