తాతయ్య ఫొటో వెలిసిపోకూడదంటే..

యానాం: సావిట్లో గోడకు తాతయ్య, మామ్మల నలుపు తెలుపు ఫొటో. గోదావరి చెమ్మకు అంచులు మచ్చలు పడ్డాయని మనవడు స్కాన్ చేసి, ఇంట్లో ప్రింటర్‌పై కొత్తది తీసి పటం కట్టిస్తాడు. కొన్నేళ్లకే తాతయ్య పంచె గులాబీ రంగుకో, ఆకుపచ్చకో తిరుగుతుంది. చాలా ఇళ్లలో ఇదే తంతు. కారణం సిరా.

రెండు రకాలు
ఇంక్‌జెట్ సిరాల్లో డై కరిగే రంగు. వెలుతురుకు, గాలిలోని ఓజోన్‌కు త్వరగా వెలుస్తుంది. పిగ్మెంట్ అంటే కరగని సన్నని రేణువులు. చాలా ఎక్కువకాలం నిలుస్తుంది. మామూలు ఇంక్‌ట్యాంక్ ప్రింటర్లలో చాలావాటికి నలుపు ఒక్కటే పిగ్మెంట్. ఫొటో కాగితం పెడితే అదీ పక్కకెళ్లి, రంగుల సిరాలే కలిసి బూడిద ఛాయ తెస్తాయి. వాటిలో ఒకటి ముందు వెలిస్తే మిగతావి బయటపడతాయి.

కొనేముందు
బూడిద రంగు సిరా విడిగా ఉన్న పిగ్మెంట్ ప్రింటరే చూసుకోవాలి. 2020లో వచ్చిన ఎప్సన్ ష్యూర్‌కలర్ పీ700, క్యానన్ ఇమేజ్‌ప్రోగ్రాఫ్ ప్రో-300 ఈ కోవలోవే. ఒక్కోదానికి 10 కార్ట్రిడ్జులు. ధర ఎక్కువ. వాడకుండా వదిలేస్తే నాజిళ్లు పూడుకుపోతాయి. నాలుగైదు ఫొటోల కోసం అంత ఖర్చు దండగ. ల్యాబుకెళ్లి ‘పిగ్మెంట్ ఇంకేనా? యాసిడ్ లేని కాగితమేనా?’ అని అడిగి తీయించుకుంటే సరి.

పటానికి అద్దం వేయించి, ఎండ తగలని గోడకు పెట్టాలి. పాత ఫొటోను మాత్రం పారేయొద్దు. అది వెండితో ఏర్పడ్డ బొమ్మ. రేపు మళ్లీ స్కాన్ చేయాలన్నా అదే దిక్కు.