గిటారు గుణపరీక్ష

వాద్యము కొనబోవు విద్యార్థికి మొదట కనబడునది దాని మెరుగు. పిదప వినబడునది అంగడివాని మాట. వాద్యపు నాదము చెవిని బడుట కట్టకడపటిది. ఈ వరుస తలక్రిందు కావలెను. కొయ్యకంఠముతోపాటు విద్యుత్తుచే పెంపొందు కంఠమును గూడ కలిగిన అకూస్టిక్-ఎలెక్ట్రిక్ గిటారు విషయమున, అందును తక్కువ వెల దానియెడ, ఈ జాగ్రత్త మరింత అవసరము.

ఇట్టి గిటారు వెలలో రెండు భాగములున్నవి: ఒకటి కొయ్యకు, మరియొకటి విద్యుత్సామగ్రికి. ఒకే వెలకు దొరకు రెండు గిటార్లలో విద్యుత్సామగ్రి కలదాని కొయ్యపై సాధారణముగా తక్కువ ధనము వ్యయమై యుండును. కావున పాఠశాల సభలో నలువురు వినునట్లు వాయింపవలసిన అవసరము లేనివారు వట్టి కొయ్య గిటారు కొనుటయే మేలు.

ఈ రెండవ కంఠము పుట్టుకను విజ్ఞానశాస్త్ర విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. కొన్ని స్ఫటికములను ఒత్తినచో వానియందు విద్యుదావేశము పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశీయులగు జాక్, పియేర్ క్యూరీ సోదరులు కనుగొనిరి. దీనికి పీజో విద్యుత్తని పేరు. గిటారు పెట్టెపై తీగలు ఆనుకొను సన్నని పట్టీని శాడిల్ అందురు. దాని అడుగున పీజో పట్టీని అమర్చుదురు. తీగ కంపించినకొలది ఒత్తిడి మారును. ఒత్తిడి మారినకొలది విద్యుత్తు మారును. ప్రక్కచెక్కలోని ప్రీ ఆంప్లిఫయరు ఆ బలహీన సంకేతమును బ్యాటరీ సాయముతో బలపరచి స్పీకరుకు పంపును. ఉన్నదానిని పెంచుటయే దీని పని, లేనిదానిని సృష్టింపజాలదు. అపశ్రుతిని సైతము అది అంతే శ్రద్ధతో పెంచును.

కనుక తొలి పరీక్ష వైరు తగిలింపకుండగనే జరుగవలెను. పైచెక్క నిండుచెక్కయా, పలుచని పొరలు అంటించినదా అని చూడవలెను. నాదరంధ్రపు అంచున కొయ్య గీతలు పైనుండి లోపలిదాక సాగినచో అది నిండుచెక్క. పొరలచెక్క గట్టిదే కాని, దాని కంపనము తరచు తక్కువగ నుండును.

రెండవది తీగల ఎత్తు. పండ్రెండవ మెట్టువద్ద తీగకును మెట్టుకును నడుమ ఎడము 2 నుండి 3 మిల్లీమీటర్లలోపల ఉండుట మంచిది. అంతకు మించినచో లేతవ్రేళ్లకు నొక్కుట దుర్భరము; మరీ తగ్గినచో తీగ మెట్లకు తగిలి జీరబోవును. ప్రతి తీగను ప్రతి మెట్టుపై ఒకమారు పలికించి చూడవలెను.

మూడవది స్వరశుద్ధి. వీణ మెట్లు మైనముపై నిలుచును. స్వరము తప్పినచో సవరింపవచ్చును. గిటారు మెట్లు కొయ్యలో దిగగొట్టబడినవి. వాని నడిమి దూరము తప్పినచో ఏ బిరడా త్రిప్పినను సరికాదు. పండ్రెండవ మెట్టుకు సరిగా పైన తీగను వ్రేలితో తేలికగా తాకి మీటవలెను; పిదప అచ్చటనే నొక్కి మీటవలెను. రెండు స్వరములును ఏకమైనచో గిటారు సత్యము పలికినట్లే.

ఇప్పుడు వైరు తగిలింపవచ్చును. నాబులన్నిటిని నడిమి గుర్తున నిలిపి, ఆరు తీగలను సమబలముతో మీటవలెను. ఒకటి మిక్కిలి మ్రోగి మరియొకటి మూగవోయినచో, శాడిల్ అడుగు పీజో పట్టీపై సమముగా ఆనలేదని అనుమానింపవచ్చును. ధ్వనిని క్రమముగా పెంచగా ఒక దశలో పెట్టె హోరుమనును. స్పీకరు ధ్వని పెట్టెను కదల్చగా, ఆ కదలిక తిరిగి స్పీకరునే చేరుటవలన కలుగు చక్రమిది. సభకు చాలినంత బిగ్గరగా పలుకకమున్నే హోరు మొదలైనచో ఆ గిటారు సభకు పనికిరాదు. పీజో కంఠము కొంత పొడిగా వినబడుట మాత్రము సహజమే.

ఒక ఉదాహరణము చూడవచ్చును. జపాను దేశపు యమహా సంస్థ 1966లో ఎఫ్‌జీ వరుస గిటార్లను వెలువరించెను. ఆ వంశములోనిదే ఎఫ్‌జీఎక్స్ 800సీ. దీని పైచెక్క నిండు స్ప్రూసు; వెనుకచెక్క, ప్రక్కచెక్కలు నాటో లేక ఒకూమే అను సామాన్యపు కొయ్యలు. శాడిల్ అడుగున పీజో పట్టీ, ప్రక్కన శ్రుతి చూపు సాధనము కలవు. నాదమునకు ప్రాణమైన పైచెక్కయందు కాక ఇతరత్ర పొదుపు చేయుట ఇందలి వివేకము. అయినను పేరు చూచి కొనరాదు. ఒకే అచ్చున వచ్చిన రెండు గిటార్లలోను భేదముండవచ్చును గనుక, చేతికి వచ్చినదానినే పరీక్షింపవలెను.

ఇంత శ్రమ యెందులకని కొందరడుగవచ్చును. తీగలు ఎత్తుగానున్న గిటారుపై బాలుడొకడు నెలదినములు శ్రమించును. వ్రేళ్లు బొబ్బలెక్కును, స్వరము మాత్రము కుదురదు. తనకు సంగీతము రాదని నిశ్చయించుకొని అతడు గిటారును మూలబెట్టును. తప్పు చేతిది కాదు, కొయ్యది. ఆ సంగతి అతనికెవరును చెప్పరు. పలుమార్లు కావలసినది నేర్పరిచే శాడిల్‌ను కొంచెము అరుగదీయించుట మాత్రమే. శిష్యునికి సంగీతజ్ఞానము లేదని తీర్పు చెప్పుటకు ముందు, ఉపాధ్యాయుడు ఆ గిటారును ఒక్కమారు తన చేతిలోనికి తీసికొని చూచుట ధర్మము.