రంజను నీళ్లు ఎందుకు చల్లగుంటయి?
సైన్సు క్లాసులో పిల్లల అవగాహనను అంచనా కట్టడం గురించి

అంబేడ్కర్ బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో చదువుకునేటప్పటి సంగతి ఒకటి ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో ఉంది. ఒకరోజు పంతులు ఆయన్ను లెక్క చేయమని బోర్డు దగ్గరికి పిలిచాడు. వెంటనే క్లాసులో గోల లేచింది. సవర్ణ పిల్లలు తమ టిఫిన్ డబ్బాలు బోర్డు వెనక పెట్టుకున్నారు. ఆయన బోర్డు ముట్టుకుంటే అవి మైలపడతాయని ఉరికి వాటిని పక్కకు తీసేసుకున్నారు. ఆ తర్వాతే ఆయన చేతికి బోర్డు అందింది.

ఈ సంగతిని మనం అంటరానితనానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. దీన్ని ఒక పరీక్షగా కూడా చూడాలె. పిల్లవాడికి లెక్క వచ్చిందా రాలేదా తెలుసుకుందామనే పంతులు పిలిచాడు. ప్రశ్న అందరికీ ఒక్కటే, జవాబు చెప్పడానికి నిలబడిన చోటు మాత్రం అందరికీ ఒక్కటి కాదు. ఆ గోలలో లెక్క తప్పి ఉంటే రిజిస్టరులో 'లెక్కలు రావు' అని ఎక్కేది. డబ్బాల సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. సైన్సు టీచర్లయినా, ఉద్యమ కార్యకర్తలయినా ఇక్కడి నుంచే ఆలోచన మొదలుపెట్టాలె. ఒక పిల్లకు 'సైన్సు అర్థం కాలేదు' అని తేల్చేటప్పుడు మనం కొలుస్తున్నది నిజంగా దేన్ని?

భిక్నూర్‌నే తీసుకుందాం. హైదరాబాద్ నుంచి నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న మండల కేంద్రం ఇది. 2016 అక్టోబరులో నిజామాబాద్ నుంచి విడదీసిన కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణం ఇక్కడే ఉంది. అంతకు ముందు అది ఉస్మానియా పీజీ సెంటరు. అంటే మాదిగవాడలో, మాలవాడలో పుట్టిన పిల్లకు కెమిస్ట్రీ ఎమ్మెస్సీ సొంత మండలంలోనే ఉంది. అయితే ఆ గేటుకూ వాడకూ నడుమ ఉన్నది రోడ్డు ఒక్కటే కాదు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాక సైన్సు క్లాసు ఉంది. పదో తరగతి అయినంక ఎంపీసీ, బైపీసీ తీసుకునే ధైర్యం ఎవరికుంటది, 'నీకు సైన్సు ఎక్కదు' అనే మాట ఎవరు నమ్మి ఆగిపోతరు అన్నది అక్కడే తేలిపోతది.

చట్టం ఏం చెప్తుంది, బడిలో ఏం జరుగుతుంది

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ రెండు మాటలు పక్కపక్కన పెట్టింది. ఒకటి, పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాన్ని స్వేచ్ఛగా చెప్పగలగాలె. రెండు, వాళ్ల అవగాహననూ, దాన్ని ఉపయోగించే శక్తినీ నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలె. మొదటిది లేకుండా రెండోది కుదరదు. ఆ తర్వాత వచ్చిన మన సైన్సు పుస్తకాల్లో ఏడు విద్యా ప్రమాణాలు పెట్టారు. విషయావగాహన వాటిలో ఒకటి మాత్రమే. ప్రశ్నించడం, పరికల్పన చేయడం, ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు, బొమ్మలు గీయడం, నిజ జీవితంలో వాడుకోవడం వంటివి మిగతావి. నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు పెట్టారు. నిర్మాణాత్మకంలో పిల్లల భాగస్వామ్యం, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాలు ఉంటాయి.

కాగితం మీద ఇది మంచి పద్ధతే. బడుల్లో తిరిగినవాళ్లకు తర్వాతి కథ తెలుసు. రాతపని అంటే గైడు చూసి రాసుడు. ప్రాజెక్టు అంటే స్టేషనరీ దుకాణంలో చార్టు కొనుడు. చార్టుకు పైసలు లేని పిల్లకు, ఇంట్లో బీడీలు చుట్టే అమ్మకు సాయం చేసి వచ్చే పిల్లకు ప్రాజెక్టు మార్కు తగ్గుతది. ఆ మార్కు సైన్సుకు పడ్డదా, చార్టుకు పడ్డదా?

ఒక ప్రశ్నతో పరీక్షించి చూద్దాం

'బాష్పీభవనం అనగానేమి?' అని అడిగితే పుస్తకంలో ఉన్న రెండు వాక్యాలు వస్తే ఐదు మార్కులు, రాకపోతే సున్నా. ఇదే విషయాన్ని ఇంకో తీరుగ అడుగుదాం: ఎండకాలంలో రంజను నీళ్లు ఎందుకు చల్లగుంటయి?

'మట్టి కాబట్టి' అని చాలామంది అంటరు. అక్కడ ఆగితే మనకు ఏమీ తెలవదు. ఇంకో మూడు ప్రశ్నలు వేయాలె. రంజనుకు బయట మొత్తం పెయింటు పూస్తే ఏమైతది? ముసురు పట్టిన రోజు నీళ్లు ఎక్కువ చల్లగుంటయా, తక్కువనా? స్టీలు బిందెకు తడిగుడ్డ చుట్టి గాలిలో పెడితే? మట్టే కారణమనుకున్న పిల్ల బిందె దగ్గర తడబడుతది. సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లు బయటికి ఊరి, గాలికి ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతయని పట్టుకున్న పిల్ల మూడింటికీ జవాబు చెప్తది: పెయింటు పూస్తే రంధ్రాలు మూసుకపోయి చల్లబడదు, ముసురులో గాలికి అప్పటికే తేమ ఉంటది కాబట్టి తక్కువ చల్లబడుతది, తడిగుడ్డ చుట్టిన బిందె చల్లబడుతది. 'బాష్పీభవనం' అనే మాట ఆమె నోట రాకపోవచ్చు. విషయం మాత్రం ఆమె చేతిలో ఉంది. ఆ మాటను పంతులు ఒక్క నిమిషంలో ఇయ్యొచ్చు. విషయం లేకుండా మాట ఒక్కటే ఉన్న పిల్లకు ఇయ్యాల్సింది చాలా ఉంటది.

భాష సంగతి ఇక్కడే చెప్పుకోవాలె. వాడ పిల్లలకు సైన్సు భాష లేదంటరు. నీళ్లు భూమిలోకి పోతే ఇంకినయి అంటరు, పొయ్యి మీద కూరలోంచి పోతే ఇగిరినయి అంటరు, కుండలోంచి బయటికి వస్తే ఊరినయి అంటరు. మూడు వేరువేరు ప్రక్రియలకు మూడు మాటలు. ఇంత తేడా తెలిసిన పిల్లను 'వ్యక్తీకరణ లేదు' అని రాసుడు అన్యాయం. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మీడియం వచ్చింది. ఇంగ్లిషు మన పిల్లలకు కావాల్సిందే, దాని మీద మనకు రెండో మాట లేదు. కాని ఇంగ్లిషు వచ్చిందా అనేది ఒక ప్రశ్న, సైన్సు అర్థమైందా అనేది ఇంకో ప్రశ్న. రెండింటినీ ఒక్క జవాబులో కొలిస్తే రెండూ దొరకవు.

తప్పు జవాబులో ఉండే ఆలోచన

ఇప్పుడు స్టీలు చెంబులో ఐసు ముక్కలు వేసి బల్ల మీద పెడదాం. కాసేపటికి బయట నీటి చుక్కలు కనపడతయి. ఎక్కడివి? 'లోపలి నీళ్లు ఊరినయి' అని కొందరు పిల్లలు అంటరు. ఇది తప్పు. అయితే తెలివితక్కువ తప్పు కాదు. రంజనుకు నిజమైన కారణాన్ని చెంబుకు కూడా అంటగట్టారు. ఇక్కడ ఇంటు మార్కు పెట్టి ఊకుంటే ఆ ఆలోచన అట్లనే ఉండిపోతది. సరైన జవాబు బట్టీ పట్టి పరీక్ష రాసినా లోపల అదే ఉంటది.

దీన్ని పిల్లల చేతనే తేల్పించొచ్చు. చెంబులో ఎర్ర శర్బతు పోసి ఐసు వేస్తే బయటి చుక్కలు ఏ రంగులో ఉంటయి? ముందు ప్రతి ఒక్కరూ తన ఊహ రాసిపెట్టుకోవాలె, తర్వాత చూడాలె. చుక్కలు తెల్లగనే ఉంటయి. ఇంకో పరీక్ష: చెంబుకు మూత బిగించి, కిరాణా దుకాణం ఎలక్ట్రానిక్ కాంటా మీద ముందొకసారి, చుక్కలు పట్టినంక ఒకసారి తూచాలె. లోపలి నీళ్లే బయటికి వస్తే బరువు మారొద్దు. గాలిలోని ఆవిరి వచ్చి చేరితే కొద్దిగ పెరగాలె. పెరుగుతది. ఇది వానకాలంలో చేస్తే బాగ కనపడుతది, ఎండకాలం పొడిగాలిలో చుక్కలు సరిగ పట్టవు. ఎందుకు పట్టవన్నది కూడా మంచి ప్రశ్నే. సాంద్రీకరణం అనే మాట ఆ తర్వాత వస్తే నిలబడుతది.

పిల్లల తప్పులకు ఒక నిర్మాణం ఉంటదని పరిశోధకులు చాన్నాళ్ల కిందే చూపించారు. 1996లో సమరపుంగవన్, వోస్నియాడు, బ్రూవర్ అనే ముగ్గురు హైదరాబాదు పిల్లలతో చేసిన అధ్యయనం అచ్చయింది. ఒకటో తరగతి, మూడో తరగతి పిల్లలను భూమి ఆకారం గురించి అడిగారు. చాలామంది భూమి నీళ్ల మీద ఉన్నట్టు ఊహించుకున్నారు. ఇంట్లో విన్న కథనూ బళ్లో విన్న పాఠాన్నీ కలిపి తమదైన ఒక భూమిని తయారుచేసుకున్నారు. 'భూమి గుండ్రంగా ఉంటది' అన్న వాక్యాన్ని అప్పజెప్పించుకునే పంతులుకు ఆ భూమి ఎన్నడూ కనపడదు.

దిద్దే చెయ్యి

ప్రశ్న మారిస్తే చాలదు. దిద్దే చెయ్యిని కూడా చూడాలె. రీమా హన్నా, లీ లిండెన్ మన దేశంలో చేసిన అధ్యయనం 2012లో అచ్చయింది. పిల్లలు రాసిన జవాబు పత్రాలకు కులం, వయసు, ఆడ మగ వివరాలను చీటీ తీసినట్టు అంటించి టీచర్లతో దిద్దించారు. 'కింది కులం' అని రాసి ఉన్న పత్రాలకు మార్కులు తగ్గినయి. తేడా చిన్నదే, కాని ఉంది. మనల్ని ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొకటి ఉంది. ఆ వివక్ష ఎక్కువగ కనపడ్డది కింది కులాల నుంచి వచ్చిన టీచర్ల దిద్దుడులోనే. కాబట్టి 'మన టీచరు ఉంటే చాలు' అని నిశ్చింతగ ఉండలేం. కులం చెప్పిన అంచనా మన తలల్లోకి కూడా ఎక్కింది.

కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లె పిల్లలతో చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. కులం చెప్పనప్పుడు అందరూ దాదాపు సమానంగ చేశారు. పేరుతో పాటు కులం అందరి ముందర ప్రకటించినప్పుడు దళిత పిల్లల పని తగ్గిపోయింది. బోర్డు వెనక డబ్బాలు ఇప్పుడు లేకపోవచ్చు. స్కాలర్‌షిప్ పేర్లు క్లాసులో గట్టిగ చదివిన గంటలోనే లఘు పరీక్ష పెడితే ఆ డబ్బాల గోల మళ్లీ వినపడ్డట్టే.

అనుభవం ముసుగులో కులం

ఇక్కడొక ప్రమాదం ఉంది. 'పిల్లల అనుభవం నుంచి పాఠం' అనే పేరుతో మాదిగ పిల్లను లేపి 'మీ ఇంట్లో తోలు ఎట్ల ఊనుతరో చెప్పు' అనే పంతుళ్లుంటరు. తోలు పని గొప్ప రసాయనశాస్త్రమే. సున్నపు నీళ్లు వెంట్రుకను వదులు చేస్తయి, తంగేడు చెక్కలోని టానిన్లు తోలులోని ప్రొటీనును పట్టుకొని కుళ్లకుండ ఆపుతయి. ఉత్పత్తి కులాల ఈ జ్ఞానాన్ని గురించి కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఒక పుస్తకమే రాశాడు. కాని ఆ జ్ఞానం క్లాసులో అందరి పాఠం కావాలె. అది ఒక్క పిల్ల నెత్తిన పెట్టే కుల సర్టిఫికెట్టు కావొద్దు. తంగేడు మీద ప్రశ్న రెడ్డి పిల్లవాడిని కూడా అడగాలె. తెలంగాణ రాష్ట్ర పుష్పం గదా! రంజను గురించి అడిగే టీచరు కూడా ముందు ఒకటి చూసుకోవాలె: ఆ బడి రంజనులో అందరి గ్లాసూ మునుగుతదా?

ఏం చేయొచ్చు

మార్కు వేయడానికి అడిగే ప్రశ్ననూ, తెలుసుకోవడానికి అడిగే ప్రశ్ననూ విడదీయాలె. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ పిల్లలతో చేసిన అధ్యయనంలో, మార్కు లేకుండ వ్యాఖ్య మాత్రమే రాసిచ్చిన పిల్లలు ముందుకు పోయారు. మార్కు వేసి వ్యాఖ్య రాసిన చోట ఆ లాభం రాలేదు. కాబట్టి వారానికి ఒక్కసారి, పాఠం చివర పది నిమిషాలు, పేరు లేని చీటీ మీద ఒక ఊహ ప్రశ్న పెట్టి జవాబుతో పాటు 'ఎందుకు' అని రాయించాలె. రాయలేనివాళ్లు బొమ్మ గీయొచ్చు. చీటీలను తప్పొప్పుల కింద కాక ఆలోచనల కింద కుప్పలు పెట్టాలె: మట్టే కారణం అనేవాళ్లు, ఊరుడు అనేవాళ్లు, ఆవిరి అనేవాళ్లు. రేపటి పాఠం ఏ కుప్ప దగ్గర మొదలుపెట్టాలో టీచరుకు తెలుస్తది.

మార్కులు వేసే లఘు పరీక్షలకు పేరు తీసేసి నంబరు పెట్టాలె. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో దిద్దేవాళ్లకు పేరు కనపడదు గదా, ఆరో తరగతిలో ఎందుకు కనపడాలె? ప్రాజెక్టు బడిలోనే, బడి సామానుతోనే జరగాలె. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచి 2002 దాక నడిచిన హోషంగాబాద్ సైన్సు కార్యక్రమంలో పిల్లలు పుస్తకం తెరుచుకొని పరీక్ష రాశారు, చేతులతో ప్రయోగం చేసి చూపించారు. ప్రభుత్వ పల్లె బడుల్లోనే అది సాధ్యమైంది.

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పదో తరగతిలో 20 ఇంటర్నల్ మార్కులు తీసేసి పరీక్షను నూరు మార్కులకు పెడతామని ప్రకటించి, వెంటనే ఆ ఏడాదికి వాయిదా వేసింది. ఇంటర్నల్ ఉంటే పంతులు పక్షపాతం, లేకుంటే బట్టీ పరీక్ష. ఈ రెండిట్లో ఒకటి ఏరుకొమ్మంటే మనకు రెండూ నష్టమే. ప్రశ్న మారాలె, పేరు దాచాలె, 'ఎందుకు' అని అడగాలె. ఈ మూడూ జరగకుండ ఆ 20 మార్కులు ఉన్నా పోయినా వాడ పిల్లకు ఒరిగేది లేదు.

భిక్నూర్ క్యాంపస్‌లో చదివే దళిత విద్యార్థులకు ఒక మాట. మీరు ఆ సైన్సు క్లాసు దాటి వచ్చినవాళ్లు. శనివారం ఒక పూట పక్క ఊరి బడికి పోండి, ఒక చెంబు, కొన్ని ఐసు ముక్కలు, ఇంత ఎర్ర శర్బతు పట్టుకపోండి. ఆ పిల్లలకు మార్కు వేయకండి. చుక్కలు ఎక్కడి నుంచి వచ్చినయో చెప్పమనండి. వాళ్లు చెప్పేది చివరిదాక వినండి.